బంగారు గోడ మీద గీత

మా బావ ఇళ్ళకి రంగులు వేసేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని. అందులో చివరి పదేళ్ళు ఎక్కువగా బంగారు రంగే. డబ్బా మూత తీస్తే తేనెలో ఇత్తడి పొడి కలిపినట్టుండే ఆ మెటాలిక్ పెయింటు అంటే మిగతా పెయింటర్లకి గుండెల్లో దడ. మామూలు రంగు తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. బంగారు రంగుకి ఆ గుణం లేదు. గోడ ఒక మూల మొదలుపెట్టాక అవతలి మూల దాకా, వేసిన పట్టీ తడి ఆరకముందే పక్క పట్టీ కలుపుకుంటూ పోవాలి. మధ్యలో ఆగితే ఆగిన చోట గీత పడుతుంది. ఆ గీతని దిద్దడం కుదరదు. దిద్దితే దిద్దిన చోటు మచ్చలా మెరుస్తుంది. గోడంతా మళ్ళీ వేసుకోవాల్సిందే. పోనీ ఇద్దరు కలిసి వేద్దామా అంటే ఎవరి చేతి బరువు వాళ్ళది, గోడ రెండు రంగుల్లా కనిపిస్తుంది. అందుకని బావ బంగారు గోడని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మొదలుపెట్టాడంటే మంచినీళ్ళు తాగడు, ఫోనెత్తడు, పిలిస్తే పలకడు. తోటి పెయింటర్లు ఆయనకి ‘ఒంటిచెయ్యి’ అని పేరు పెట్టారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని, పాపం రెండో చెయ్యి ఏమైందో అని జాలిపడేవాళ్ళు.

బావ పోయి ఏడు నెలలైంది. ఆయన వేసిన గోడలు ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ మెరుస్తున్నాయి. నాకు మాత్రం ఆయన పేరు చెప్పగానే, ఇప్పుడు లేని ఒక గోడ గుర్తొస్తుంది. ఆ గోడ కదులుతోంది. దానికి మూరెడు దూరంలో మంచం మీద కదల్లేని ఒక ముసలామె ఉంది. ఆ సంగతి బావకి అర్థమైన దగ్గర్నుంచి ఆమె ఆ గది దాటిన దాకా పట్టింది మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆయన భయపడినట్టు ఇంకో మనిషి భయపడటం నేను చూడలేదు.

ఆ ఇల్లు నేను పనిచేసే అచ్చు ప్రెస్సుకి రెండు వీధుల అవతల ఉండేది. కింద సైకిళ్ళ కొట్టు, పైన ఒక పొడుగాటి గది, దాని వెనక వంటగది. పైన ఉండేది ఒక దర్జీ ఆవిడ, ఆమె అత్తగారు. ఆవిడ భర్త లారీ నడుపుతాడు. బయల్దేరితే పదిహేను రోజులకి గానీ ఇంటి ముఖం చూడడు. అత్తగారికి నడుం విరిగి నాలుగేళ్ళు. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటేనే ఆమెకి నొప్పి తగ్గేది. ఎడమ పక్క గోడ. మంచం తల వైపు స్నానాలగది ఉంటేనే కోడలు ఒక్కతీ ఆమెని లేపి తీసుకెళ్ళగలదు కాబట్టి మంచాన్ని తిప్పి వేసే వీలూ లేదు. అలా నాలుగేళ్ళుగా ఆ పెద్దామె తెల్లారింది మొదలు ఆ గోడనే చూస్తోంది.

“సున్నం గోడ చూసీ చూసీ నా కళ్ళకి కూడా సున్నం కొట్టినట్టుంది,” అని రోజూ సణిగేదట.

ఒకరోజు కోడలు బట్టల డిజైన్ల పుస్తకంలో ఎవరిదో బంగారు గోడ ఫోటో చూపించి, “ఇది వేయిస్తే సణగడం మానేస్తారా అత్తయ్యా?” అని అడిగిందట.

“వేయించి చూడు. మాననని భయమా?”

అలా వచ్చింది ఆ పని బావ దగ్గరికి.

ఆ గోడకి అవతల మెట్లు. ఇవతల గది. గోడ చివర, వీధి వైపు ఉన్న కిటికీలోంచి పొద్దున వెలుగు వచ్చి గోడ పొడుగునా ఒరుసుకుంటూ పోయేది. బంగారు రంగుకి అంతకంటే మంచి చోటు దొరకదని బావ మొదటి రోజే సంబరపడ్డాడు. పాత సున్నం గీకుతుంటే వాకిలి పైమూల దగ్గర ఒక పగులు కనిపించింది. గోటితో గీసినంత. పాత ఇళ్ళలో పగుళ్ళు లేని గోడ ఎక్కడుంటుంది? సందులు పూడ్చే లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఏ పెయింటరూ చెప్పడు.

బంగారు రంగు వేసే రోజు కోడలు గుండీల కోసం బజారుకి వెళ్ళింది. బావ సగం గోడ వేసి, సరిగ్గా మంచానికి పైభాగంలో ఉండగా పెద్దామెకి పొలమారి దగ్గు తెర వచ్చింది. మొదట ఆయన ఆగలేదు. దగ్గు ఆగలేదు. ఇంక ఉండబట్టలేక నిచ్చెన దిగి, ఆమె తల ఎత్తిపట్టి రెండు గుక్కలు నీళ్ళు తాగించాడు. మహా అయితే రెండు నిమిషాలు. మళ్ళీ ఎక్కి, తడి ఇంకా ఉందనే ధైర్యంతో కలుపుకుంటూ పోయాడు. బంగారు రంగు పట్టాక అంతకుముందెన్నడూ చెయ్యని పని అది.

నాలుగో రోజున కోడలు కబురు పెట్టింది. వెళ్ళి చూస్తే, ఆగిన చోటుకి కాస్త అటుగా, జానెడు గీత.

“ఒంటిచెయ్యి మేస్త్రి అన్నారు,” అంది ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీస్తూ. “మరి ఈ గీత ఏ చెయ్యి గీసింది?”

బావ తల వంచుకున్నాడు. ఆగిన సంగతి చెప్పలేదు. చెబితే నేరం పెద్దామె దగ్గు మీదికి పోతుంది. గోడంతా రుద్ది మళ్ళీ వేశాడు. అయిదు రోజులకి గీత మళ్ళీ వచ్చింది, ఈసారి మూరెడు. పాత అతుకు పైకి తేలిందనుకున్నాడు. అతుకులు అలా తేలతాయి కూడా. మూడోసారి గీత ఉన్నంత మేరా మళ్ళీ లప్పం పట్టించి, ఎండనిచ్చి, గోడంతా మొదట్నుంచి వేశాడు. ఆ రోజు పెద్దామె దగ్గు వస్తే దిండు అంచు నోట్లో కుక్కుకుందట, మళ్ళీ నిచ్చెన దిగుతాడేమోనని. బావ ఎక్కడా ఆగలేదు. ఆగలేదని ఆయనకి తెలుసు.

ఆ రోజుల్లో మా అక్క నాతో, “మీ బావ కంచం ముందు కూర్చుని చెయ్యి వైపు చూసుకుంటున్నారు. ఏమైందంటే ఏం లేదంటారు. నువ్వొకసారి అడుగు,” అంది. నేను అడిగాను. “ఏముందిరా, చెయ్యి ముసలిదైపోయింది,” అని నవ్వేశాడు. అది నవ్వులా లేదు.

ఆరు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం బావ మా ప్రెస్సుకి వచ్చాడు. నేను ప్రూఫులు దిద్దుతున్నాను. ఆయన లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి గుమ్మం పక్క గోడ మీద అరచెయ్యి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాడు.

“ఒరేయ్, నీ దగ్గర పల్చటి కాగితం ఉందా? కొంచెం లాగితే చాలు చిరిగిపోయేది.”

“ప్రూఫులు తీసే కాగితం ఉంది. ఎందుకు బావా?”

“గోడకి అతికించాలి.”

“గోడకేమైంది? దెబ్బ తగిలిందా?” అన్నాను, వేళాకోళంగానే. బావ, బావమరిది ఎదురుపడితే మా ఇంట్లో ఒక్క మాటా తిన్నగా సాగదు. ఆయన తిరిగి ఏమీ అనలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

దారిలో చెప్పాడు. మూడోసారి గీత ఆగిన చోట రాలేదు. వాకిలి పైమూల దగ్గర మొదలై, ఏటవాలుగా ఎక్కి మంచం పైదాకా పోయింది. రోలరు పైనుంచి కిందికే నడుస్తుంది, ఏటవాలుగా నడవదు. చెంప గోడకి ఆనించి, ఒక కన్ను మూసి పొడుగునా చూస్తే గీతకి పైనున్న గోడ కిందున్న గోడకంటే గోరంత ముందుకి వచ్చి ఉంది. వెలుగు ఒరుసుకుంటూ పోయే ఆ బంగారం మీద కాబట్టి కనిపించింది గానీ, సున్నం మీదైతే ఇంకో నెల దాకా ఎవరికీ తెలిసేది కాదు.

“మూడుసార్లు రా. మూడుసార్లు దాన్ని నున్నగా చేసి, దాని పక్కన ఆవిడని పడుకోబెట్టి వచ్చాను,” అన్నాడు. ఆయన నుదురంతా చెమట. ఎండ అంతేమీ లేదు.

గీత మీద అడ్డంగా నాలుగు కాగితం పట్టీలు జిగురుతో అంటించాం. కోడలు మిషను తొక్కుతూనే చూసింది.

“గోడకి కట్లు కడుతున్నారా మేస్త్రీ? ఎముకల డాక్టర్ని కూడా పిలవకపోయారా?”

“రేపు పొద్దున చెప్తానమ్మా,” అన్నాడు బావ.

ఆవిడ మిషను ఎక్కడుందో అప్పుడు గమనించాను. వాకిలి పక్కన, సరిగ్గా గీత మొదలైన మూల కింద.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. కింది రెండు పట్టీలు మధ్యకి తెగి ఉన్నాయి. మూడోది సగం చిరిగింది. నాలుగోది బిగుసుకుని వీణ తీగలా ఉంది. బావ దాని మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

“అమ్మా, ఈ గోడ కదులుతోంది. ఈ పూటే పెద్దమ్మని తీసుకుని ఇక్కణ్ణుంచి వెళ్ళిపోండి.”

ఆవిడ మిషను ఆపలేదు. “జిగురు ఎండితే కాగితం చిరగదా?”

“ఇది జిగురుకి చిరిగింది కాదు.”

“ఒక మాట చెప్పనా మేస్త్రీ? మా ఇంట్లో ఇదివరకు పని చేసిన పెయింటరు కూడా ఇంతే. రంగు పొరలు లేస్తే గోడలో చెమ్మ అన్నాడు. మచ్చలొస్తే గోడలో ఉప్పు అన్నాడు. చివరికి అందరూ గోడ మీదికే నెడతారు. మీరు ఇంకో మెట్టు ఎక్కి, గోడే పడిపోతుందంటున్నారు.”

“నేను మొదటి రోజే పగులు చూశాను,” అన్నాడు బావ. “లప్పం పెట్టి మూసేశాను. మీకు చెప్పలేదు.”

మిషను ఆగింది. ఆవిడ ఆయన వైపు తిరిగి కూర్చుంది.

“అంటే అప్పుడు ఉన్నదాన్ని దాచారు. ఇప్పుడు లేనిదాన్ని చూపిస్తున్నారేమో. ఏది నమ్మమంటారు?”

ఆవిడ మాటలో తప్పు లేదు. మళ్ళీ కుట్టు అందుకుంటూ ఆవిడే అంది, “ఈవిడని పెట్టుకుని నేనెక్కడికి పోతాను? ఆయనకి ఫోను చేస్తే అందట్లేదు. లేపి కూర్చోబెడితేనే ప్రాణం పోయినట్టు అరుస్తుంది. ఈ మెట్లు దింపాలంటే ఏమవుతుందో మీకు తెలుసా?”

పెద్దామె గోడ వైపు తిరిగి, కళ్ళు తెరిచే పడుకుని ఉంది.

కిందికి దిగి సైకిళ్ళ కొట్టులోకి వెళ్ళాం. వెనక వేలాడే టైర్లని పక్కకి జరిపి బావ లోపలికి తొంగి చూశాడు. మధ్యలో ఉండాల్సిన అడ్డగోడ లేదు. రెండు గదుల్ని కలిపి ఒకటి చేశారు. గోడ ఉన్నచోట ఒక ఇనుప గొట్టం నిలబెట్టి ఉంది.

“ఈ గోడ ఎప్పుడు తీశారు?”

“నెలన్నర అయింది. అయితే ఏంటి?” అన్నాడు కొట్టాయన, చక్రం తిప్పి చూసుకుంటూ. “అది బరువు మోసే గోడ కాదు. ఊరికే అడ్డంగా పడి ఉండేది, మా బావమరిదిలాగా.”

పనివాళ్ళు నవ్వారు. అదే జోకు ఇంకెప్పుడైనా బావ నోటంట వచ్చేది, నా మీద. ఆయన తలెత్తి పైకప్పు చూస్తున్నాడు. పైన కోడలు మిషను తొక్కుతోంది. తొక్కినప్పుడల్లా పైకప్పు అంచునుంచి సన్నటి పొడి రాలి ఆ ఇనుప గొట్టం మీద పడుతోంది.

“అయ్యా, పైన గోడ చీలుతోంది. కొట్టు మూసేసి దీనికి ఆసరాలు పెట్టించండి.”

“రంగులేసేవాడివి రంగులేసుకో. తాపీ పని మా మేస్త్రి చూసుకుంటాడు.”

ఇంటి యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. ఫోను చేస్తే, వచ్చే వారం వస్తానన్నాడు. నేను మున్సిపల్ ఆఫీసుకి పరుగెత్తి అర్జీ ఇచ్చాను. తీసుకున్నాయన చదివి, రేపో ఎల్లుండో ఇంజనీరు వస్తాడన్నాడు. తిరిగొచ్చేసరికి బావ ఆ ఇంటి ఎదుటి అరుగు మీద కూర్చుని పై కిటికీ వైపే చూస్తున్నాడు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఇంటికి పోదామంటే, “నేను చూస్తున్నంతసేపు పడదనిపిస్తోందిరా,” అన్నాడు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని లేపితే గానీ కదల్లేదు.

మూడో రోజు పొద్దున నాలుగో పట్టీ కూడా తెగింది. కోడలు చూసింది. ఆవిడ ముఖంలో ఏదో మారింది కానీ ఒప్పుకోలేదు. “ఇంజనీరు రానీండి,” అంది. మిషను మాత్రం మామూలుకంటే మెల్లగా తొక్కుతోంది.

బావ వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. గదిలోకి పూర్తిగా అడుగు పెట్టడానికి నాకు కాళ్ళు రాలేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

దుప్పటి అంచున చిటికెడు ఎర్రటి పొడి ఉంది. బావ వేళ్ళతో నలిపి చూశాడు. ఇటుక పొడి.

“ఇది ఎప్పట్నుంచి రాలుతోంది పెద్దమ్మా?”

ఆమె కోడలి వైపు చెవి పెట్టి విన్నది. మిషను నడుస్తోంది.

“నీ కళ్ళని కాకులెత్తుకెళ్ళ. మెల్లగా మాట్లాడు.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు రెండోసారి వేసిన మర్నాటి నుంచి. మధ్యాహ్నం పూట ఎక్కువ. అమ్మాయి మిషను జోరుగా తొక్కితే ఇంకా ఎక్కువ. మొదట చీమలు మన్ను తెస్తున్నాయేమో అనుకున్నా. తర్వాత తెలిసింది. కనిపించకుండా దుప్పటి మడతలోకి ఊడ్చేస్తున్నా.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే మళ్ళీ వస్తావు. మూడు రోజులు నా ముఖం మీద దుప్పటి కప్పి గీకుతావు. ఈసారి వాళ్ళంతా కలిసి మళ్ళీ సున్నమే కొట్టేస్తారు. పొద్దున వెలుగొస్తుందా, ఈ గోడ నిదానంగా ఆ చివర్నుంచి రాజుకుంటూ నా దాకా వస్తుంది. నా చెయ్యి చూసుకుంటే గాజులేసుకోకుండానే బంగారంగా ఉంటుంది. ఆ కాసేపూ నేను లేచి తిరుగుతున్నట్టే ఉంటుంది అబ్బాయ్. నీకు తెలీదు.”

“గోడ పడుతుంది పెద్దమ్మా.”

“పడనీ. నాలో విరగడానికి ఇంకేం మిగిలింది? పడితే బంగారమే మీద పడింది అంటారు. ఎంతమందికి ఆ భాగ్యం?”

ఆమె నవ్వింది. బావ నవ్వలేదు. ఆమె భుజం కింద చెయ్యి పెట్టి, “కొంచెం ఓర్చుకోండి,” అని మెల్లగా ఇటు తిప్పాడు. ఆమె పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చింది.

“మీ కోడలు ఎక్కడ కూర్చుందో చూడండి.”

నాలుగేళ్ళుగా ఆమె ఆ మూలని పడుకున్న చోటునుంచి తిన్నగా చూసి ఉండదు. కోడలు తల వంచి కుడుతోంది. తల పైన నాలుగు జానల ఎత్తులో గీత మొదలైన చోటు నోరు తెరుచుకుని ఉంది. అక్కడ గీత లేదిప్పుడు, సందు. కోడలి జుట్టు మీద, భుజం మీద, కుడుతున్న నీలం బట్ట మీద ఎర్రటి పొడి పడి ఉంది. ఆవిడ అది బట్ట మీది దుమ్మనుకుని ఊదేసి మళ్ళీ కుడుతోంది.

పెద్దామె చాలాసేపు చూసింది.

“ఏమే, మిషను ఆపు.”

“ఈ ఒక్క కుట్టు అత్తయ్యా.”

“ఆపమన్నానా? ఆపి ఇటు రా. మెల్లగా లే. గోడని తగలకు.”

ఆ గొంతు విని కోడలు లేచింది. పెద్దామె దుప్పటి మడత విప్పి, దాచిన పొడిని చూపించింది. గుప్పెడుంటుంది.

“ఎన్నాళ్ళుగా?” అంది కోడలు.

“రెండు వారాలు.”

“రెండు వారాలుగా దీన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నారా? చారులో ఉప్పు తక్కువైతే వీధంతా వినిపించేలా చెప్తారే, ఇది చెప్పడానికి నోరు రాలేదా?”

“అప్పుడు నాకొక్కదానికే అనుకున్నా. ఇప్పుడు చూశా, నువ్వు దాని కింద కూర్చున్నావు.”

కోడలు మిషను వైపు తిరిగి చూసింది. పైకి చూసింది. నోట్లో ఇంకా రెండు గుండుసూదులు ఉన్నాయి. వాటిని తీసి అరచేతిలో పెట్టుకుని, “మేస్త్రీ, ఎలా దింపాలి?” అంది.

చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో నడుం చుట్టూ కట్టాం. కూర్చోబెడుతుంటే ఆమె అరవలేదు. కోడలి జబ్బని పట్టుకున్న చోట గోళ్ళు దిగబడ్డాయి, అంతే. బావ కింద, వెనక్కి నడుస్తూ. నేను పైన. కోడలు నా వెనకనుంచి చెయ్యి చాచి ఆమె తల పట్టుకుంది.

ఆ మెట్లు అదే గోడని ఆనుకుని ఉన్నాయని చెప్పానుగా. ఇటు వైపు రంగు లేదు, పాత గచ్చు. ఇటు వైపు గీత కాదు, వేలు దూరే చీలిక. రోజూ పదిసార్లు ఎక్కి దిగే మెట్ల మీద ఎవరూ గోడ వైపు చూడరు. ఇద్దరు పక్కపక్కన నిలబడలేని ఇరుకు. కుర్చీ కాలికీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు.

“గోడని తగలకండి,” అన్నాడు బావ. మెట్టు మెట్టుకీ అదే మాట. “గోడని తగలకండి. నిదానం. గోడని తగలకండి.”

సగం దిగాక నా అరచెయ్యి చెమటకి జారింది. కుర్చీ ఒరిగి కాలు గోడకి తగిలింది. చప్పుడు పెద్దదేం కాదు. వెంటనే చీలికలోంచి ఇసుక సన్నగా జారడం మొదలైంది. ఆగలేదు. జల్లెడలోంచి పిండి జారినట్టు, మా చెవుల పక్కనే, జారుతూనే ఉంది. మేం ముగ్గురం బొమ్మల్లా నిలబడిపోయాం. బావ ముఖం నాకు ఎదురుగా ఉంది. ఆయన కళ్ళు ఆ ఇసుక వెంటే కిందికి పోతున్నాయి.

“ఆగారేం?” అంది పెద్దామె. “బియ్యం బస్తానా, దించి అలుపు తీర్చుకోవడానికి? నడవండి.”

ఆ మాటతో బావ కాలు వెనక్కి వేశాడు. కింద మెట్ల మొదట్లో సైకిళ్ళ కొట్టాయన నిలబడి ఉన్నాడు. తిట్టడానికే వచ్చి ఉంటాడు. తలెత్తి చీలికని చూశాడు, జారుతున్న ఇసుకని చూశాడు. పైకి వచ్చి బావ వెనకనుంచి చెయ్యి చాచి కుర్చీ కాలు పట్టుకున్నాడు. వీధిలోకి రాగానే కొట్టులోకి పరుగెత్తి పనివాళ్ళని ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని బయటికి లాగాడు.

పెద్దామెని మా అక్కావాళ్ళింటికి తీసుకెళ్ళాం. అంతకంటే దగ్గర్లో ఇంకో చోటు లేదు.

మర్నాడు పది గంటలకి ఇంజనీరు, ఆసరాలు తెచ్చిన మనుషులు వచ్చారు. వాళ్ళు కింద మొదటి ఆసరా దించుతుండగానే పైన గోడ పడింది. బావ, నేను ఎదుటి అరుగు మీద ఉన్నాం. నేననుకున్నంత చప్పుడు కాలేదు. బస్తాలోంచి వడ్లు ఒంపినట్టు ఒక్క ఊపు, తర్వాత కిటికీలోంచి దుమ్ము. ఆ దుమ్ములో బంగారం ఎక్కడా లేదు. అంతా ఎర్రగానే ఉంది. సాయంత్రం ఆసరాలు నిలబెట్టాక కోడల్ని పైకి వెళ్ళనిచ్చారు. మిషను చక్రం ఒక్కటే ఇటుకల్లోంచి పైకి కనిపిస్తోందని, మంచం తలవైపు కోళ్ళు రెండూ విరిగాయని వచ్చి చెప్పింది. చెప్పి, అక్క ఇచ్చిన మంచినీళ్ళు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

వీధిలో అందరూ బావ భుజం తట్టారు. కొట్టాయన చేతులు పట్టుకున్నాడు. బావ ఇంటికొచ్చి వాకిట్లో నా పక్కన కూర్చుని అన్నాడు:

“నాలుగోసారి కూడా వేసి ఉండేవాణ్ణిరా. ఆ గీత ఏటవాలుగా కాకుండా నిలువుగా వచ్చి ఉంటే, నా చెయ్యే అనుకుని వేసేవాణ్ణి. ఇంకా బాగా వేసేవాణ్ణి. కనిపించకుండా చేసేవాణ్ణి.”

నేనేదో అనబోయాను. అంతలో లోపల్నుంచి పెద్దామె పిలిచింది. ముందు గదిలో ఆమెకి మామూలు అలవాటు ప్రకారం ఎడమ పక్క గోడ ఉండేలా మంచం వేశాం. తెల్లగోడ. మేం వెళ్ళేసరికి ఆమె రెండు అరచేతులూ గోడకి ఆనించి, దాన్ని నెడుతున్నట్టు పడుకుని ఉంది.

“అబ్బాయ్, నన్ను దీని పక్కనుంచి తియ్యి.”

“అటు తిప్పితే నొప్పి పెద్దమ్మా.”

“తిప్పొద్దు. మంచం లాగు. పొద్దుట్నుంచి రెప్ప పడట్లేదు నాకు.”

నిన్న గోడ మీద పడితే పడనీ అన్న మనిషి. నేనొక పక్క, బావ ఒక పక్క పట్టుకుని మంచాన్ని గది నడిమధ్యకి లాగాం. ఆయన నాలుగు గోడల దగ్గరికీ వెళ్ళి మంచం దాకా జానలతో కొలిచాడు. ఒక వైపు కొంచెం తక్కువుంటే మళ్ళీ జరిపించాడు. కోడలికి వేరే ఇల్లు దొరికేదాకా, రెండు నెలలు, ఆ మంచం అక్కడే ఉంది. వంటింట్లోకి వెళ్ళాలన్నా వీధిలోకి రావాలన్నా దాన్ని చుట్టి వెళ్ళాల్సిందే. మోకాలికి మంచం కోడు తగిలినప్పుడు కూడా అక్క దాన్ని పక్కకి జరపమని అనలేదు.